గుండెకు వాస్తు

రాయ్‌పూర్ స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు అద్దం వెనక కూర్చుని ఉద్యోగమంతా వెళ్ళదీసిన భ్రమరాంబకు మనిషి తెలివి మీద పెద్ద గౌరవం మిగల్లేదు. వెళ్ళిపోయిన బండికి టికెట్ అడిగేవాళ్ళను చూసింది. నిండిపోయిన బండిలో కిటికీ పక్క సీటే కావాలని అలిగేవాళ్ళను చూసింది. అమావాస్య నాడు బయల్దేరే టికెట్ ఎందుకిచ్చావని మర్నాడొచ్చి పోట్లాడేవాళ్ళనూ చూసింది. రిటైరైన రోజున మెడలో దండతో ఇంటికొస్తూ, ఇక మూర్ఖులతో తన సంబంధం తెగిపోయిందనుకుని మురిసిపోయింది. తెగలేదు. అందరికంటే పెద్ద మూర్ఖుణ్ణి తనే కని, చదివించి, ఇంట్లో పెట్టుకుంది.

ఆమె కొడుకు మురళీమోహన్ ఇంజనీరు. సిల్తరాలో ఒక స్టీలు ఫ్యాక్టరీలో డిప్యూటీ మేనేజరు. పగలంతా కొలిమి వేడీ ఇనుము బరువూ చూసుకునే ఆ పెద్దమనిషి, సాయంత్రం టాటీబంధ్ లారీల మధ్యనుంచి ఇల్లు చేరి కాళ్ళు కడుక్కోగానే చేతిలోకి దిక్సూచి తీసేవాడు. ఇంటి గుమ్మం దక్షిణానికి ఉందని ఎవరో చెవిలో వేశారు. అంతే, లోపలినుంచి ఆ గుమ్మానికి అడ్డంగా బీరువా జరిపించాడు. అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా సందు చుట్టి, పెరట్లో బట్టలుతికే బండ పక్కనుంచి, అంట్లగిన్నెలు దాటుకుని, వెనక మెట్లెక్కి లోపలికి రావలసిందే. ఫ్రిజ్ పడగ్గదిలోకి పోయింది. వంటిల్లు మూల మారింది, నీళ్ళ పంపు మాత్రం పాతచోటే ఉండిపోయింది. కోడలు కల్యాణి బిందెతో నీళ్ళు మోసుకుంటూ వంట చేస్తోంది.

"కొత్తవలస నుంచొచ్చి మీ తాత రైల్వే క్వార్టర్లో ఒక్క గదిలో మా అందర్నీ పెంచాడ్రా. ఈశాన్యం ఎటో ఆయనకి తెలీదు. ఏటైపోయాం మేం?" అనేది భ్రమరాంబ. కొడుకు చిరునవ్వు నవ్వి ఊరుకునేవాడు. ఆ చిరునవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

ఫణిశ్రీ పుట్టాకే ఈ పిచ్చి మొదలైంది. మనవరాలికి ఇప్పుడు ఐదేళ్ళు. పెదాలు ఎప్పుడూ నేరేడుపళ్ళు తిన్నట్టు నీలంగా ఉంటాయి. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆయాసం వచ్చి, ఎక్కడుంటే అక్కడే గొంతుక్కూర్చుంటుంది. ఆ వెనక మెట్లు ఎక్కాలన్నా మధ్యమెట్టు మీద కాసేపు కూర్చోకుండా ఎక్కలేదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు నెత్తురందడానికి డాక్టర్లు ఒక చిన్న గొట్టం వేశారు. పిల్ల పెరిగింది, గొట్టం పెరగలేదు. ఇక ఆలస్యం చేస్తే పిల్ల దక్కదని, పిల్లల గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్ మీనా దేవాంగన్ మొహమాటం లేకుండా చెప్పేసింది.

చిక్కంతా గుండె కట్టుబడిలోనే ఉంది. అందరికీ మంచి నెత్తురు గుండె ఎడమగది నుంచి ఒంటికి వెళ్తుంది. ఫణిశ్రీకి రెండు పెద్ద గొట్టాలూ కుడిగదిలోంచే మొలిచాయి. ఎడమగది నెత్తురు బయటపడే దారల్లా మధ్యగోడలో ఉన్న కన్నం ఒక్కటే. దాన్ని ఊరికే మూసేస్తే ప్రాణం పోతుంది. ఆ కన్నం దగ్గర్నుంచి ఒంటికి వెళ్ళే గొట్టం దాకా లోపల ఒక సొరంగంలా కట్టాలి. అంత చోటు ఉందా లేదా అన్నది స్కానింగ్ బొమ్మలు చూస్తే తేలలేదు. నాగపూర్ డాక్టర్లు లేదన్నారు, సగం రిపేరుతో సరిపెట్టుకోమన్నారు. దేవాంగన్ ఆ స్కానింగునే కంప్యూటర్లోకి ఎక్కించి, పిల్ల గుండెను అదే సైజులో, పొరమీద పొరగా ప్లాస్టిక్కుతో అచ్చు వేయించింది. అలాంటివి రెండు. ఒకదాన్ని కోసి, లోపల పట్టీ అమర్చి, కుట్టి చూసుకుంది. చోటుంది.

రెండోది వీళ్ళ చేతికిచ్చింది. అది మధ్యకి రెండు చిప్పలుగా విడిపోతుంది. అంచుల్లో చిన్న చిన్న అయస్కాంతాలు అతికించారు, దగ్గరపెడితే టక్కున మూసుకుంటాయి. తల ఎటువైపో తెలియడానికి ఒక ఎర్రచుక్క పెట్టారు. ఇంట్లోవాళ్ళకు చూపించండి, భయం తగ్గుతుంది అని హిందీలో చెప్పిందావిడ. డాక్టర్లన్నా భ్రమరాంబకు గొప్ప భక్తేమీ లేదు. కానీ పట్టుబట్ట మీద కత్తెర పెట్టేముందు పాతగుడ్డ మీద కత్తిరించి చూసుకునే దర్జీ అంటే ఆమెకు మొదటినుంచీ గౌరవం. ఈ డాక్టరు ఆ జాతి మనిషనుకుంది.

మురళీమోహన్ అంతసేపూ చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "మేడమ్, ఇందులో నార్త్ ఎటు?" తండ్రి శ్రద్ధగా వింటున్నాడనుకుని ఆవిడ ఎర్రచుక్క చూపించి, తల ఇటు అని సంతోషంగా చెప్పింది. భ్రమరాంబ సిగ్గుతో గోడ వైపు తిరిగింది.

ఆపరేషన్ ఆ పై గురువారానికి ఖాయమైంది. కల్యాణి గుండెను చున్నీలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చింది. ఇరుగుపొరుగు వచ్చి చూశారు, తిప్పి చూశారు, కన్నంలో వేలు పెట్టి అయ్యో అన్నారు. ఫణిశ్రీకి మాత్రం అదొక బొమ్మ. తెరవడం, టక్కుమనిపించడం, లోపల చింతపిక్కలు దాచడం. మురళీమోహన్ దానికి దూరంగా కూర్చుని, చూపించవలసి వస్తే పెన్నుతో చూపించేవాడు. శనివారం నాడు ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి, గురువారం సంగతి కాస్త ఆగి చెబుతానన్నాడు. సోమవారంలోగా ఖాయం చెయ్యకపోతే ఆ రోజు ఇంకో పిల్లవాడికి ఇచ్చేస్తామని, మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో చెప్పలేమని వాళ్ళన్నారు. ఆసుపత్రివాళ్ళు కల్యాణికి ఫోన్ చేసినప్పుడు ఆ మాట బయటపడింది. భ్రమరాంబ అన్నం ముందునుంచి లేచిపోయింది.

ఆదివారం పొద్దున వాస్తు కన్సల్టెంటు యుగంధర్ దిగాడు.

మందిర్ హసౌద్ దగ్గర అతనికి అద్దాల ఆఫీసుంది. జీన్స్ ప్యాంటు, మెడలో రుద్రాక్షలు, ఒక చేతిలో ట్యాబ్, ఇంకో చేతిలో ఇత్తడి దిక్సూచి. సన్నగా వాన పడుతోంది. పెరట్లో సబ్బునీళ్ళ మీద కాలు జారి, కొళాయి గొట్టం పట్టుకుని నిలదొక్కుకుని, "ఈ ఇంటికి ప్రాణం పోసింది ఈ గుమ్మమే సర్" అన్నాడు. నడుం విరిగినా అదే మాట అనేవాడనుకుంది భ్రమరాంబ.

భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి గుండెను పెట్టారు. అంటే కల్యాణి పెట్టింది. యుగంధర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తల పంకించాడు.

"నాలుగు గదులు, రెండు సింహద్వారాలు, మధ్యలో గోడ. ఇది ఇల్లు కాకపోతే ఏమిటి సర్?"

"మాంసం" అంది భ్రమరాంబ.

మురళీమోహన్ తల్లి వైపు గుర్రుగా చూశాడు. యుగంధర్ ఏమీ పట్టించుకోలేదు. ఇలాంటి ముసలమ్మలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారని అతనికి అనుభవం. దిక్సూచి తీసి గుండె పక్కనే పెట్టాడు. ముల్లు వణికింది. ఒక ఊపు ఊగి, గిర్రున తిరిగి, సరిగ్గా గుండె వైపు నిలబడిపోయింది.

"చూశారా" అన్నాడతను గొంతు తగ్గించి. "లాగుతోంది. ఇన్నేళ్ళలో నేను ఇలా చూడలేదు."

మురళీమోహన్ రెండు చేతులూ జోడించాడు. రోజూ టన్నులకొద్దీ ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో డిప్యూటీ మేనేజరు! ప్లాస్టిక్కు ముందు కళ్ళు మూసుకున్నాడు. వీడి చదువుకోసమా తను గాజులు తాకట్టు పెట్టింది అనుకుంది భ్రమరాంబ.

యుగంధర్ ఆ ముల్లు చూపిందే ఉత్తరమని పెట్టుకుని ట్యాబ్‌లో గీతలు గీశాడు. గీతల మీద గుండె ఫోటో తీశాడు. కాసేపు మౌనం పాటించి, మౌనం సరిపోయిందనుకున్నాక నోరు విప్పాడు.

"రంధ్రం నైరుతిలో పడింది సర్. నైరుతి తెరిచి ఉండడమే దోషం. పైగా దక్షిణాయనం. ఇప్పుడు ఆ మూల కదిలిస్తే నేను బాధ్యుణ్ణి కాను. ఉత్తరాయణం వచ్చేదాకా ఆగండి."

"అంతవరకు మా గుంట ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలేటి బాబూ?" అంది భ్రమరాంబ. "అయినా నాకొకటి చెప్పు. పిల్ల మంచం మీద దొర్లితే నీ నైరుతి కూడా దొర్లుతుందా?"

"మంచి ప్రశ్న అడిగారు పెద్దమ్మగారూ. అందుకే సర్, ఆపరేషన్ టేబుల్ మీద తల ఎటు పెడతారో కూడా కనుక్కోండి" అని, ఆ మాట ట్యాబ్‌లో రాసుకున్నాడు కూడా.

కల్యాణి అంతవరకూ గోడకానుకుని నిలబడి ఉంది. "ఏవండీ, నిన్న స్నానం చేయిస్తుంటే ఏడ్చింది. పెదాలు నల్లగా అయిపోయాయి. మెడ వాలేసింది. మీరు డ్యూటీలో ఉన్నారు, మీరు చూడలేదు" అంది.

"టెన్షన్ పడకు. వాయిదా అంటే మానెయ్యడం కాదు కదా" అంటూ మురళీమోహన్ ఫోన్ తీశాడు.

ఇంతలో పక్కగదిలోంచి ఫణిశ్రీ వచ్చింది. బల్ల దాకా వచ్చేసరికే ఆయాసపడి, కుర్చీ కోడు పట్టుకుని కాసేపు గొంతుక్కూర్చుంది. తర్వాత లేచి యుగంధర్ వైపు కోపంగా చూసింది.

"అది నాది. నువ్వు తలుపు తియ్యలేదేం? నీకు రాదా అంకుల్?"

రెండు చేతులతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. గుండె రెండు చిప్పలైంది. చింతపిక్క ఒకటి దొర్లి కిందపడింది. ఒక చిప్ప దిక్సూచికి కుడివైపుకొచ్చింది, ముల్లు కుడికి తిరిగింది. పిల్ల చూసింది. చిప్పను ఎడమకి జరిపింది, ముల్లు ఎడమకి తిరిగింది. ఇదేదో బాగుందని చిప్పను దిక్సూచి చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఉత్తరం, దక్షిణం, నైరుతి, అన్నీ పిల్లదాని చెయ్యి వెంట గిరగిరా తిరిగాయి. పిల్ల కిలకిలా నవ్వింది.

భ్రమరాంబ ముల్లునీ, వాస్తువాడి మొహాన్నీ మార్చి మార్చి తీరుబడిగా చూసింది.

"ఒరే మురళీ, మీ ఫ్యాక్టరీలో తుక్కు ఎత్తడానికి అయస్కాంతం క్రేను ఉందన్నావు కదా. రోజూ దానికి కూడా దణ్ణం పెట్టే లోపలికెళ్తన్నావేట్రా?"

యుగంధర్‌ది గట్టి పిండం. చెంప మీద చెమట తుడుచుకుని, దిక్సూచి పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడ ఉత్తరం చూసుకుని వచ్చి, పాత గీతలు చెరిపి కొత్తవి గీశాడు. మొహం విప్పారింది.

"ఈశాన్యం సర్! రంధ్రం ఈశాన్యంలో ఉంది. ఈశాన్యంలో పనికి ఆయనంతో పట్టింపే లేదు. గురువారం కానిచ్చెయ్యండి. ఇంతకంటే మంచి రోజు వెతికినా దొరకదు."

పాపం పుణ్యం లేని వెధవ అనుకుంది భ్రమరాంబ. అయినా లోలోపల సంతోషించింది. గాడిద నోటినుంచి వచ్చినా గురువారం గురువారమే. వీడికి కాఫీ ఇచ్చి పంపించమని కల్యాణికి సైగ చేసి, ఇప్పటికైనా ఊపిరి పీల్చుకుంటాడని కొడుకు మొహంలోకి చూసింది.

మురళీమోహన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అలా ఎలాగండీ" అన్నాడు గొణుగుతున్నట్టు. "ఇందాక నైరుతి అన్నారు. కంగారులో కొలిచారేమో. మళ్ళీ ఇంకోసారి... లేదంటే భిలాయిలో ఒకాయన ఉన్నారట, ఆయన్ని కూడా అడిగి..."

ఈ మొహం భ్రమరాంబకు తెలుసు. కౌంటరు దగ్గర ఏళ్ళ తరబడి చూసింది. నాలుగు రోజులకొకసారి వచ్చి తేదీ మార్చమనేవాళ్ళు, సీటు లేదంటే హమ్మయ్య అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. సీటుంది, ఇవాళే ఉంది అని చెబితే వాళ్ళ మొహాలు ఇలాగే పడిపోయేవి. వాళ్ళు వెళ్ళవలసింది పెళ్ళికి కాదు. ఏ ఆసుపత్రిలో ఉన్న అన్ననో కడసారి చూడ్డానికి. అద్దం ఇవతల కూర్చుని వాళ్ళనూ మూర్ఖుల్లోనే లెక్కేసింది తను.

"బాబూ, వాన పెద్దదవుతోంది. బేగి బయల్దేరు" అంది యుగంధర్‌తో. అతను కాఫీ కూడా తాగకుండా, సబ్బునీళ్ళు చూసుకుంటూ, జాగ్రత్తగా వెళ్ళిపోయాడు.

"నీకు కావలసింది ముహూర్తం కాదురా" అంది కొడుకు వైపు తిరిగి. "వాయిదా. అతగాడు వద్దంటే చెవులప్పగించి విన్నావు. కానిమ్మంటే ఇంకొకడి దగ్గరికి పోతానంటన్నావు. ఆ ఇంకొకడూ కానిమ్మంటే? వంటిల్లు మూల మార్చావు, ఫ్రిజ్ మంచం పక్కన పెట్టావు, నా గుమ్మం మూసేశావు. ఎవడో ఒకడు రోజూ ఇవాళ వద్దు, ఇవాళ వద్దు అని నీకు చెబుతుండాల. అంతేనా?"

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకోను. దీన్ని ఒక్కసారైనా ముట్టుకున్నావేట్రా?"

ఎదురింటావిడ ముట్టుకుంది, పాలవాడు ముట్టుకున్నాడు, దారినపోయే వాస్తువాడు ముట్టుకున్నాడు. భ్రమరాంబ రెండు చిప్పలూ కలిపి టక్కుమనిపించి కొడుకు ముందు చాపింది.

"పట్టుకో."

మురళీమోహన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నప్పుడు చేదుమందు ఇవ్వబోతే అచ్చం ఇలాగే పెట్టుకునేవాడు. ఆమె నాలుక చివర ఇంకో మాట సిద్ధంగా ఉంది, మంచి పదునైనదే. కానీ ఆ చేదుమందు పిల్లాడే కళ్ళ ముందు నిలబడ్డాడు. జాలేసింది. ఇంత కోపంలోనూ జాలేసి, ఆ జాలికి మళ్ళీ కోపం వచ్చింది. కొడుకు చెయ్యి పట్టి ముందుకు లాగి, అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

అది అతని గుప్పిట్లో ఇమిడిపోయింది.

"ఇంతేనా అమ్మా?" అన్నాడు.

"దాని పిడికిలెంతో అంత."

అతను మెల్లిగా చిప్పలు విడదీశాడు. కన్నం ఎన్ని మిల్లీమీటర్లో అతనికి కంఠతా వచ్చు, యుగంధర్‌కి చెప్పింది అతనే. ఇప్పుడు చిటికెన వేలు పెట్టి చూశాడు. వేలు గోరు దాటి లోపలికి పోయింది. అతను వేలు తియ్యలేదు. భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. కల్యాణి దగ్గరికొచ్చి పక్కన నిలబడింది గానీ ఊరుకోమని అనలేదు.

"ఇంత చిన్న గుండెలో ఇంత కన్నం పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలా నడిచిందే కల్యాణీ" అన్నాడు.

సోమవారం దాకా ఆగలేదు. అప్పుడే డాక్టరు నంబరుకు ఫోన్ చేశాడు. గుండె ఎడమచేతిలోనే ఉంది. "మేడమ్, గురువార్ పక్కా. నహీ మేడమ్, ఔర్ కుఛ్ పూఛ్‌నా నహీ హై." ఇక అడగవలసిందేమీ లేదన్నాడు.

"నాన్నా, నాది నాకిచ్చెయ్. నా చింతపిక్క మళ్ళీ అందులో పెట్టుకోవాలి" అంది ఫణిశ్రీ, అతని ప్యాంటు లాగుతూ.

గురువారం పొద్దున ఆపరేషన్ థియేటర్ వరండాలో పిల్లను బండి మీద పడుకోబెట్టారు. మురళీమోహన్ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాడు. వరండా మలుపు తిరిగాక థియేటర్ తలుపు కనిపించింది. అతని కళ్ళు అలవాటు చొప్పున కిటికీలోంచి ఎండ పడుతున్న వైపుకు వెళ్ళి, తలుపు మీదికి తిరిగొచ్చాయి. భ్రమరాంబ కూడా లెక్కేసుకుంది. దక్షిణ ద్వారం. చక్కటి దక్షిణ ద్వారం, బీరువా అడ్డం లేదు. కొడుకు పిల్ల చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకోవడం చూసింది. ఆమె నోట్లో మాట ఊరింది. దాన్ని అక్కడే మింగేసి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది.

మురళీమోహన్ వంగి పిల్ల నుదురు ముద్దు పెట్టుకున్నాడు. బండి తోసేవాడు రాకముందే తనే కడ్డీ పట్టుకుని తలుపు దాకా తోసుకెళ్ళాడు.

సాయంత్రం దేవాంగన్ బయటికొచ్చి, ప్లాస్టిక్కులో ఎలా కుట్టానో అలాగే కుదిరిందని చెప్పి, ఒక్కసారి నవ్వి, కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంది. మర్నాడు ఐసీయూ అద్దంలోంచి పిల్లను చూపించారు. మురళీమోహన్ అద్దానికి వీపు పెట్టి నిలబడి, "అమ్మా, పెదాలు ఏ రంగున్నాయి?" అని అడిగాడు.

"నేను చెప్పను. కళ్ళున్నాయి కదా, నువ్వే చూసుకో" అని భుజాలు పట్టి తిప్పింది భ్రమరాంబ. అతను చూశాడు. అద్దానికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. పెదాలు ఎర్రగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే యుగంధర్ ఫోన్ చేసి, ఈశాన్యమని నేను చెప్పలేదా సర్ అన్నాడట. ఇక దాన్ని ఎన్ని ఇళ్ళల్లో చెప్పుకుంటాడో భ్రమరాంబ ఊహించగలదు.

కుట్లు ఆరి పిల్లను ఇంటికి తెచ్చేనాటికి కూడా దక్షిణం గుమ్మానికి బీరువా అడ్డంగానే ఉంది. "ఇప్పుడైనా జరిపిస్తావేట్రా?" అని అడిగిందామె ఆటో దిగుతూ. "చూద్దాంలే అమ్మా" అని అదే చిరునవ్వు నవ్వాడు మురళీమోహన్. మూర్ఖుడెక్కడికి పోతాడు అనుకుంది. అందరూ సందు చుట్టి, బట్టలుతికే బండ పక్కనుంచి, అంట్లగిన్నెలు దాటుకుని వెనక మెట్ల దగ్గరికి వచ్చారు. ఫణిశ్రీ నానమ్మ చెయ్యి విడిపించుకుని ముందు నడిచింది. మధ్యమెట్టు దగ్గర కల్యాణి ఆగింది, మురళీమోహన్ ఆగాడు, భ్రమరాంబ కూడా అలవాటు కొద్దీ ఆగింది.

పిల్ల ఆగలేదు.